తెల్లగా ఉన్న ఎముకంతా గట్టిది కాదు

(ఒంగోలులో విశ్రాంత ఉపాధ్యాయుల నెలవారీ సమావేశంలో, నవంబరు 8న ఒక సీనియర్ రేడియోగ్రాఫర్ మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండీ. మైకు కొంచెం కిందికి దించుతారా... ఆ, చాలు.

మాస్టారు నన్ను పరిచయం చేస్తూ డాక్టరమ్మ అన్నారు. కాదండీ, నేను డాక్టర్ని కాను. ఎక్స్‌రే తీసే మనిషిని. చేరిన కొత్తలో ‘ఎక్స్‌రే అమ్మాయి’ అనేవాళ్లు, ఇప్పుడు ‘ఎక్స్‌రే మేడమ్’ అంటున్నారు. మధ్యలో 32 ఏళ్లు ఎలా పోయాయో తెలియదు. (నవ్వులు) అన్నేళ్లూ ఎముకల ఆసుపత్రుల్లోనే. కాబట్టి ఏ మాత్ర వేసుకోవాలమ్మా అని మాత్రం నన్ను అడక్కండి, అది మీ డాక్టరుగారి పని. బొమ్మ ఎలా తీస్తాం, అది ఎక్కడ నిజం చెబుతుంది, ఎక్కడ మనల్ని బోల్తా కొట్టిస్తుంది, అది చెబుతాను.

ముందు ఆ ట్యూబులైటు ఒకటి ఆపండి. ఎవరైనా సెల్లో టార్చి వేసి ఈ గోడ మీదికి పట్టుకోండి. అలాగే ఉంచండి మాస్టారూ, కదలకండి. ఇదిగో నా అరచెయ్యి. గోడ మీద చూడండి, ఎన్ని వేళ్లు?

(సభలోంచి: ఐదు.)

ఇప్పుడు చెయ్యి పక్కకు తిప్పాను. ఇప్పుడో? ఒక కట్టెపుల్ల. వేళ్లు ఎక్కడికీ పోలేదు కదా, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. ఇంకొకటి చూడండి, చెయ్యి టార్చి దగ్గరికి తెస్తున్నాను. రాక్షసి చెయ్యంత అయింది. ఇంతేనండీ ఎక్స్‌రే అంటే. ఇక లైటు వేసెయ్యండి. అది ఫోటో కాదు, నీడ. ఫోటోలో మనిషి ఎలా ఉంటే అలా పడతాడు. నీడలో, మనిషీ దీపమూ గోడా ఎలా నిలబడితే అలా పడుతుంది.

‘ఒక్క చేతికి రెండు ఎక్స్‌రేలు ఎందుకు, బిల్లు కోసమా?’ అని నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఇందాక చూసిన కట్టెపుల్లే దానికి జవాబు. ఎముక విరిగి ఒక ముక్క వెనక్కి జరిగిందనుకోండి. ముందు నుంచి తీస్తే రెండు ముక్కలూ ఒకే గీతలో కనబడతాయి, అతికినట్టే ఉంటాయి. పక్క నుంచి తీస్తే గాని జరిగిన సంగతి బయటపడదు. అందుకే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. విరిగిన చోటుతో పాటు పైకీలూ కిందికీలూ కూడా బొమ్మలో పడాలి. పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లు కూడా చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకునే వెళ్తారు. ఆ కవర్లో ఒక్క వ్యూ మాత్రమే ఉంటే, ఎవరు చూసినా సగమే చూసినట్టు.

రాక్షసి చెయ్యి సంగతి కూడా చెబుతాను. తుంటి కీలు మార్పిడికి ముందు ఎక్స్‌రే తీస్తే, కొందరి కాళ్ల మధ్య ఒక ఇనుప గోళీ పెడతాం. సరిగ్గా 25 మిల్లీమీటర్లుంటుంది. ఒక పెద్దాయన దాన్ని చూసి ‘ఇది లోపల పెడతారా’ అని హడలిపోయాడు. లోపల పెట్టడానికి కాదు. బొమ్మలో ఆ గోళీ 29 మిల్లీమీటర్లు వచ్చిందంటే, ఎముక కూడా ఆ లెక్కన పెద్దదై కనబడుతోందన్నమాట. దాన్నిబట్టి సర్జను అసలు కొలత తీసి, ఏ సైజు కీలు తెప్పించాలో ముందే చూసుకుంటారు. మీకు ఈ త్రైరాశికం నేను చెప్పక్కర్లేదు.

ఇవాళ నవంబరు 8. నేను ఏరికోరి ఈ తేదీకే ఒప్పుకున్నాను. 1895లో ఇదే రోజు సాయంత్రం జర్మనీలో వుర్ట్స్‌బర్గ్ ఊళ్లో రాంట్‌జన్ అనే ఫిజిక్సు ప్రొఫెసరు, నల్ల అట్టతో మూసేసిన గాజు గొట్టంలోంచి కూడా ఏదో బయటికొచ్చి దూరంగా ఉన్న తెరను మెరిపించడం చూశాడు. ఏమిటో తెలియదు కాబట్టి మనం లెక్కల్లో పెట్టుకునే ఎక్స్ పెట్టాడు. ఆ ఎక్స్ విలువ తేలాక కూడా పేరు మారలేదు. డిసెంబరు 22న వాళ్లావిడ చెయ్యి తీశాడు. వేలికి ఉంగరం ఉంటుంది ఆ బొమ్మలో. ఉంగరం తియ్యండమ్మా అని మేం రోజుకు వందసార్లు మొత్తుకుంటాం, చరిత్రలో మొదటి పేషెంటే ఉంగరంతో వచ్చింది! (నవ్వులు) 1901లో ఫిజిక్సులో మొట్టమొదటి నోబెల్ ఆయనకే ఇచ్చారు. ఆయన పేటెంటు తీసుకోలేదు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే కనిపెట్టిన మూడు నెలలు తిరక్కుండానే అమెరికాలో ఒక కుర్రాడి విరిగిన మణికట్టు తీసేశారు. ఇరవై నిమిషాలు పట్టిందట అది తియ్యడానికి. ఇప్పుడు సెకనులో చిన్న ముక్క.

నేను చేరినప్పుడు డార్క్ రూము ఉండేది. ఫిల్ము క్లిప్పుకు తగిలించి డెవలపర్లో ముంచాలి, నీళ్లలో ఆడించాలి, ఫిక్సర్లో వేయాలి. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకంలో ఉంది. ఒంగోలు మే నెలలో 20 డిగ్రీలెక్కడివి? ఐసు కొట్టుకు మనిషిని పంపి, గడ్డను పాలిథిన్ కవర్లో కట్టి ట్యాంకు పక్కన నీళ్లలో పెట్టేవాళ్లం. కవరు చిరిగి నీళ్లు డెవలపర్లో పడ్డాయంటే ఆ రోజు బొమ్మలన్నీ బూడిద రంగు. తడి ఫిల్మే క్లిప్పుతో సహా పట్టుకుని, చుక్కలు కారుతుంటే డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు డిజిటల్. నొక్కగానే కంప్యూటర్లో వస్తుంది. మీ చేతికిచ్చే ఫిల్ము వేడితో ముద్రించేది కాబట్టి ఎండలో కారు అద్దం దగ్గర పెడితే నల్లబడుతుంది. ఫ్రిజ్ పైన కూడా పెట్టకండి. ట్యూబులైటుకు అడ్డంపెట్టి సెల్లుతో ఫోటో తీసి అమెరికాలో అబ్బాయికి పంపుతారు చూడండి, దాంట్లో ఆ డాక్టరుకు మీ వేళ్లూ ట్యూబులైటే ఎక్కువ కనబడతాయి. సీడీ అడగండి, లేదా అసలు ఫైలు ఈమెయిల్ చెయ్యమనండి, ఇస్తారు.

మోకాళ్ల దగ్గరికొద్దాం. ఈ హాల్లో అందరూ దాని కోసమే వచ్చుంటారు. ‘గుజ్జు అరిగిపోయింది’ అంటారు కదా. ఎక్స్‌రేలో గుజ్జు కనబడదండీ. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నల్లటి ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీలో గుజ్జు ఉందని మనకు తెలుసు. ఖాళీ తగ్గితే గుజ్జు తగ్గిందని అనుకుంటాం. కానీ ఆ ఖాళీ మనిషి పడుకుంటే ఒకలా, నిలబడితే ఇంకోలా ఉంటుంది. బల్ల మీద పడుకోబెట్టి తీస్తే రెండు ఎముకలూ వదులుగా ఉండి సందు బాగానే కనబడుతుంది. అదే మనిషిని నిలబెట్టి, ఒంటి బరువు మోకాళ్ల మీద వేయించి తీస్తే, ఎముకకు ఎముక ఆనుకుని ఉంటుంది. అందుకే డాక్టరు చీటీలో ‘స్టాండింగ్’ అని రాస్తారు. ఒకావిడ నొప్పిగా ఉందని, పడుకుని తీయించుకుంటానని బతిమాలింది. కొత్తల్లో జాలిపడి అలాగే తీశాను. సర్జను ఆ ఫిల్ము నాకు తిప్పి పంపించి, ‘అమ్మా, ఈమె నడుస్తూ వచ్చింది, పడుకుని రాలేదు’ అన్నారు. ఆ మాట మళ్లీ ఎవరితోనూ అనిపించుకోలేదు.

నా తప్పుల్లో పెద్దది ఇంకోటుంది. ఎక్స్‌రే మూల ‘ఎల్’ అనో ‘ఆర్’ అనో తెల్లటి అక్షరం ఉంటుంది, చూశారా? అది సీసపు అక్షరం, బొమ్మ తీసేటప్పుడే పెడతాం. ఒకరోజు రాత్రి డ్యూటీలో, ఊరి పేరెందుకులెండి, యాక్సిడెంటు కేసులు వరసగా వస్తున్నాయి. ఎడం కాలికి ‘ఆర్’ పెట్టేశాను. కాలు వాచి ఉంది కాబట్టి డాక్టరు పట్టుకున్నారు, ఏ ప్రమాదమూ జరగలేదు. వాపు లేని కేసయితే? ఆ రాత్రి తర్వాత మనిషిని పేరు అడుగుతాను, ఏ కాలో నోటితో చెప్పమంటాను, చేత్తో చూపించమంటాను. మూడూ కలిస్తేనే బటన్ నొక్కుతాను. మీరు ‘చీటీలో ఉంది కదమ్మా’ అని విసుక్కోకండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదు అన్నారంటే విరగలేదని కాదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర జీడిపప్పు ఆకారంలో ఒక ఎముక ఉంటుంది, స్కాఫాయిడ్ అంటారు. చెయ్యి ఆనించి పడితే అది చిట్లుతుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. పది నుంచి పద్నాలుగు రోజుల తర్వాత తీస్తే, చిట్లిన అంచుల దగ్గర ఎముక కాస్త కరిగి గీత వెడల్పవుతుంది, అప్పుడు కనబడుతుంది. ‘మొన్నే తీశారుగా, మళ్లీ ఎందుకు’ అని వెళ్లిపోయినవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి మణికట్టు నొప్పితో తిరగడం చూశాను. జారిపడిన ముసలివాళ్లకు తుంటి దగ్గర సన్నటి చీలిక కూడా కొన్నిసార్లు ఇంతే. ఫిల్ములో ఏమీ ఉండదు, మనిషి కాలు మోపలేడు. అప్పుడు మనిషి మాటే నమ్మాలి. ఎమ్మారై రాస్తారు.

రేడియేషన్ భయం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఏ యంత్రమూ లేకపోయినా, నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి మనకు ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతూనే ఉంటుంది. చెయ్యి ఎక్స్‌రేకు అందులో మూడు గంటల వాటా కూడా ఉండదు. నడుము ఎక్స్‌రేకు ఎక్కువ, సుమారు ఆరు నెలలది. పొట్ట సీటీ స్కాన్‌కు రెండు మూడేళ్లది. అందుకని ‘ఎందుకైనా మంచిది, ఒక సీటీ తీసెయ్యండి’ అని మీరే అడక్కండి, అలాగని చెయ్యి విరిగితే ఎక్స్‌రేకు భయపడకండి. బటన్ వదలగానే అయిపోయినట్టే, ఒంట్లో ఏమీ మిగలదు. లైటు ఆపాక గదిలో వెలుగు మిగులుతుందా? వార్డులో పోర్టబుల్ మిషన్ తీసుకెళ్తే చాలు, పక్క మంచాల వాళ్లు సెలైన్ స్టాండు పట్టుకుని మరీ పరుగులు. రెండు మీటర్లు దూరం జరిగితే చాలండీ. నాకు మాత్రం ఇది రోజూ పని కాబట్టి ఛాతీ మీద ఈ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి పంపితే ఎంత పడిందో లెక్క వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లు, ఉన్నామేమో అని అనుమానం ఉన్నవాళ్లు మాత్రం లోపలికి రాకముందే చెప్పాలి. అత్తగారు పక్కనుంటే సిగ్గుపడి చెప్పరు, అందుకే నేను ఒంటరిగా పిలిచి అడుగుతాను.

సరే, ఇక డెక్సా, అంటే ఎముక సాంద్రత కొలిచే స్కాన్.

మీలో ఎంతమంది తీయించుకున్నారు? చేతులెత్తండి... తొమ్మిది, పది. రిపోర్టు అర్థమైనవాళ్లు? (నవ్వులు) అదీ సంగతి.

మామూలు ఎక్స్‌రే చూసి ఎముక గుల్లబారిందని చెప్పాలంటే, అప్పటికే 30, 40 శాతం సరుకు పోయి ఉండాలి. అంతవరకూ కంటికి తేడా తెలియదు. పైగా లావుపాటి మనిషికి ఎముక మీద కండా కొవ్వూ ఎక్కువ, బక్క మనిషికి తక్కువ. నీడలో ఏది ఎముక వల్ల వచ్చిన తెలుపో, ఏది కండ వల్లో విడదీయలేం. ఒకటే సమీకరణం, రెండు తెలియని రాశులు. లెక్కల మాస్టార్లు, ఏం చేస్తాం?

(సభలోంచి: ఇంకో సమీకరణం కావాలి.)

అదే చేశారండీ! రెండు రకాల ఎక్స్‌రేలు పంపుతారు, ఒకటి తక్కువ శక్తిది, ఒకటి ఎక్కువ శక్తిది. తక్కువ శక్తిదాన్ని ఎముకలోని కాల్షియం బాగా ఆపేస్తుంది. ఎక్కువ శక్తిది వచ్చేసరికి కండకూ ఎముకకూ అంత తేడా ఉండదు. రెండు కొలతలు వచ్చాయి కాబట్టి కండ వాటా తీసేసి ఎముక వాటా తేల్చొచ్చు. డెక్సాలో మొదటి అక్షరం ‘డ్యూయల్’, రెండు అని. 1980ల చివర్లో ఈ మిషన్లు వచ్చాయి. రేడియేషన్ మామూలు నడుము ఎక్స్‌రేలో వందో వంతు కూడా ఉండదు. సొరంగంలోకి పంపరు, సూది వెయ్యరు. బల్ల మీద పడుకుంటే పైన ఒక చెయ్యి లాంటిది మెల్లగా జరుగుతూ పోతుంది. పది, పదిహేను నిమిషాలు.

కానీ నేను మిమ్మల్ని ఎలా పడుకోబెట్టానన్నదాని మీదే అంతా ఉంది. నడుముకు తీసేటప్పుడు కాళ్లెత్తి ఒక పెట్టె మీద పెడతాం, నడుము వంపు తగ్గి బల్లకు ఆనుకోవాలి. తుంటికి తీసేటప్పుడు పాదాన్ని లోపలికి తిప్పి పట్టీతో కట్టేస్తాం. ‘ఏమ్మా, కాలు కట్టేస్తున్నావు, పారిపోతాననా’ అన్నాడొక తాత. తొడ ఎముక మెడ సహజంగా కాస్త ముందుకు తిరిగి ఉంటుంది. పాదం లోపలికి తిప్పితే ఆ మెడ బల్లకు సమాంతరంగా వస్తుంది, నీడ పూర్తి పొడవు పడుతుంది. తిప్పకపోతే మెడ పొట్టిదై, దాని మీదే అది పడి, చిక్కగా కనబడుతుంది. అంటే అంకె ఉన్నదాని కన్నా మంచిగా వస్తుంది. మీరు సంతోషంగా ఇంటికెళ్తారు, ఎముక మాత్రం అలాగే ఉంటుంది.

రిపోర్టులో టీ స్కోరు అని ఒకటి ఉంటుంది. మీ ఎముకను ఇరవైల్లో ఉన్న ఆరోగ్యవంతురాలి సగటు ఎముకతో పోల్చి, ఎన్ని ప్రామాణిక విచలనాలు తక్కువుందో చెబుతుంది. మైనస్ 1 వరకూ మామూలు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య అయితే సాంద్రత తగ్గినట్టు. మైనస్ 2.5, అంతకన్నా కింద అయితే గుల్లబారినట్టు. ఈ గీత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసింది. ఇది నెలసరి ఆగిన స్త్రీలకూ, 50 దాటిన మగవాళ్లకూ. చిన్నవాళ్లకయితే జడ్ స్కోరు చూడాలి, అది తమ ఈడువాళ్లతో పోలిక. ముప్ఫై ఏళ్ల అమ్మాయి టీ స్కోరు చూసి ఏడవడం నేను చూశాను, అసలు ఆ అంకె ఆమెకు వర్తించదు.

మైనస్ 2.4 వస్తే హమ్మయ్య అనీ, మైనస్ 2.5 వస్తే అయ్యో అనీ అనుకుంటారు. పరీక్షలో 34కు ఫెయిలు, 35కు పాసు లాంటిది అది. మీరే వేసిన మార్కులు కదా, ఆ ఒక్క మార్కు విలువెంతో మీకే తెలుసు. ఒకావిడ రెండేళ్ల కిందటి రిపోర్టు పట్టుకొచ్చింది, నడుము ఎముక సాంద్రత 0.842. ఈసారి 0.861. పెరిగిందని మా స్టాఫందరికీ మైసూర్‌పాక్ పంచింది. తిన్నాం. కానీ లెక్క చెప్పాలంటే, ఒకే మనిషిని లేపి మళ్లీ పడుకోబెట్టి తీసినా అంకె కొంచెం మారుతుంది. ఆ తేడా నడుములో 1.9 శాతం దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. దాన్నిబట్టి లెక్కేస్తే, అంతటి తేడా వచ్చే సెంటర్లో 5.3 శాతం కన్నా తక్కువ మార్పును మార్పు అనలేం. ఆవిడది 2.3 శాతం. మైసూర్‌పాక్ మాత్రం బాగుంది. (నవ్వులు) ఇంకో సంగతి, ఒకసారి ఒక మిషన్‌లో, ఇంకోసారి వేరే కంపెనీ మిషన్‌లో తీయిస్తే ఆ రెండంకెలూ పోల్చడానికే పనికిరావు. ఎక్కడ మొదలెడితే అక్కడే తీయించండి.

అసలు నేను ఇవాళ వచ్చింది ఇది చెప్పడానికి. అంకె మంచిదైనంత మాత్రాన ఎముక మంచిది కాదు.

డెబ్బై దాటినవాళ్ల నడుములో ఎముకల అంచుల్లో కొక్కేల్లా పెరుగుదలలుంటాయి. వెన్ను ముందు వెళ్లే పెద్ద రక్తనాళం గోడల్లో సున్నం పేరుకుంటుంది. ఇవన్నీ కాల్షియమే, మిషన్ అన్నిటినీ కలిపి కూడేస్తుంది. వెన్నుపూస ఒకటి నలిగి సగమైందనుకోండి, అదే సరుకు తక్కువ చోట ఇరుక్కుంటుంది, సాంద్రత పెరిగినట్టు చూపిస్తుంది. విరిగిన ఎముకకు మంచి మార్కులు! అందుకే పెద్దవాళ్లలో నడుము అంకె కన్నా తుంటి అంకెను నమ్ముతారు. నలిగిన పూసను లెక్కలోంచి తీసేస్తాం.

ఇక మన ప్రాంతం సంగతి. కనిగిరి, పొదిలి, దర్శి. అప్పట్లో ఇవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని ముందు రైతులే గమనించారని చెబుతారు. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ ఇక్కడి మనుషుల్లో ఆ జబ్బును పరిశీలించి, నీళ్లలో ఫ్లోరైడు వల్ల వస్తోందని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద మొదటి నివేదికల్లో అదొకటి. తర్వాత నల్గొండ పేరు బాగా బయటికొచ్చింది గాని, కథ మొదలైంది మన దగ్గరే.

ఆ ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్ల ఎక్స్‌రేలు నేను కళ్లు మూసుకుని గుర్తుపడతాను. నడుము ఎక్స్‌రే తీస్తే సుద్దముక్కలా తెల్లగా వస్తుంది. మామూలు మనిషికి పెట్టే సెట్టింగు సరిపోదు, పెంచాలి. మోచేతి కింద రెండు ఎముకలుంటాయి కదా, వాటి మధ్య పల్చటి పొర ఉంటుంది, మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు. వీళ్లలో ఆ పొర సున్నం పట్టి, ఎముక అంచు వెంట మొలకలొచ్చినట్టు, రంపప్పళ్లలా కనబడుతుంది. ఒక తాత మెడ తిప్పలేడు, మనిషి మొత్తం తిరిగితే గాని పక్కనున్నవాళ్లను చూడలేడు. చేతులు వెనక్కి పోవు, చొక్కా మనవడు తొడగాలి. ఆయనకు డెక్సా తీస్తే నడుము టీ స్కోరు ప్లస్‌లో వచ్చింది. ప్లస్! కాగితం మీద పాతికేళ్ల కుర్రాడు. మనవడు ‘తాత ఎముకలు ఉక్కమ్మా’ అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ‘ఈ అంకెను పక్కనపెట్టమని డాక్టరుగారితో నేను మాట్లాడతాను బాబూ’ అన్నాను.

దీని మీద పెద్ద ప్రయోగమే జరిగింది. ఫ్లోరైడుతో ఎముక చిక్కబడుతుంది కదా, ఇదే మందుగా ఇస్తే పోలా అనుకున్నారు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు ఎముకలు గుల్లబారిన 202 మంది స్త్రీలను తీసుకుని, సగం మందికి నాలుగేళ్ల పాటు రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు ఇచ్చారు. 1990లో ఫలితాలొచ్చాయి. నడుము సాంద్రత 35 శాతం పెరిగింది. అంత పెంచే మందే లేదు అప్పటికి. కానీ వెన్నుపూసలు నలగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. చేతులూ కాళ్లూ తుంటీ విరగడం పెరిగింది. తెల్లగా అయింది, గట్టిగా అవలేదు. సున్నం ఎక్కువ కలిపి, ఇటుక కట్టుబడి చెడగొట్టిన గోడ లాంటిది. డెక్సా సున్నాన్ని తూస్తుంది, కట్టుబడిని చూడలేదు.

ఎదురు సంగతి కూడా ఉంది. డి విటమిన్ బాగా తక్కువైతే ఎముక మెత్తబడుతుంది, సున్నం పట్టదు. అప్పుడూ టీ స్కోరు కిందికే వస్తుంది. గుల్లబారడమా, మెత్తబడడమా, మిషన్‌కు తెలియదు. రెండింటికీ వైద్యం వేరు. అందుకే స్కాన్‌తో పాటు రక్తపరీక్షలు రాస్తారు.

ఇంకొకటి, ఇది అమ్మలకు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పెద్దాపరేషన్లు ఎక్కువ. గర్భసంచి తీయించుకున్నవాళ్ల వాటా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనం ముందు వరసలో ఉన్నామని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. ముప్ఫై అయిదేళ్లకే తీయించుకున్నవాళ్లు నా బల్ల మీదికొస్తారు. ‘అండాశయాలు కూడా తీశారా అమ్మా?’ అని అడిగితే సగం మందికి తెలియదు. డిశ్చార్జి కాగితం ఎక్కడో పోయింది. అవి కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజుతోనే పడిపోతుంది, ఎముక కరగడం అప్పుడే మొదలవుతుంది. స్కాన్ 65 దాటిన స్త్రీలకనీ 70 దాటిన పురుషులకనీ మార్గదర్శకాల్లో ఉంటుంది. వీళ్లు అరవై అయిదు దాకా ఆగితే ఎలా? 45 లోపు నెలసరి ఆగినవాళ్లు, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు ముందే అడగాలి. ఆ పాత కాగితం వెతికి పెట్టుకోండమ్మా. ఈ మిషన్ ఇవ్వలేని సమాచారం దాంట్లో ఉంటుంది.

బాత్రూములో జారి మణికట్టు విరగ్గొట్టుకున్న ఆడవాళ్లు నెలకు పదిమందైనా వస్తారు. పిండికట్టు వేస్తారు, ఆరు వారాలకు తీసేస్తారు, అయిపోయింది. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే గట్టి ఎముక విరక్కూడదు కదా, ఎందుకు విరిగింది అని ఎవరూ అడగరు. ఒకసారి అలా విరిగినవాళ్లకు మళ్లీ ఎక్కడో ఒకచోట విరిగే అవకాశం దాదాపు రెట్టింపు. కట్టు తీసిన రోజే డెక్సా గురించి మీరే అడగండి. పొడుగు కూడా చూసుకోండి. వయసులో ఉన్నప్పటి కన్నా నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గితే వెన్నుపూస నలిగి ఉండొచ్చు. చాలామందికి నొప్పి కూడా తెలియకుండా నలుగుతాయవి. మీ సర్వీసు రిజిస్టర్లో మొదటి పేజీలో ఎత్తు రాసి ఉంటుంది కదా మాస్టారూ, దాంతో సరిచూసుకోండి! (నవ్వులు)

ఇంక ప్రశ్నలు అడగండి. టీలు వస్తున్నాయంటున్నారు.

(ప్రశ్న: మా కాలనీలో ఉచిత క్యాంపు పెట్టి మడమకు చిన్న మిషన్ పెట్టి చూశారు. మైనస్ 3 అన్నారు. పొడి డబ్బా కూడా ఇచ్చారు.)

డబ్బా ఉచితమా అండీ? (నవ్వులు. ‘కాదమ్మా, 900.’) అదీ. మడమ మిషన్‌లో చాలావరకు ఎక్స్‌రే కాదు, శబ్ద తరంగాలు. అది చెడ్డదని అనను. ఎవరిని స్కాన్‌కు పంపాలో వడకట్టడానికి పనికొస్తుంది. కానీ ఇందాక చెప్పిన మైనస్ 2.5 గీత నడుముకూ తుంటికీ మణికట్టు పైభాగానికీ డెక్సాలో తీసిన అంకెలకే. మడమ మైనస్ 3ను దాంతో కొలవకూడదు. తుంటికి డెక్సా తీయించుకోండి, డబ్బా సంగతి మీ డాక్టర్ని అడగండి.

(ప్రశ్న: నాకు కుడి తుంటిలో రాడ్ ఉంది. తియ్యొచ్చా?)

ఎడమ తుంటికి తీస్తాం. కుడివైపు లోహాన్ని కూడా ఎముకే అనుకుని కూడేస్తుంది మిషన్. అందుకే హుక్కులూ జిప్పులూ మొలతాడు తాయెత్తూ అన్నీ తీయమనేది. మొలతాడు తీయనని పోట్లాడేవాళ్లున్నారు, పైకి జరిపి ప్లాస్టరు అంటిస్తాం. ఈమధ్య సీటీలో మందు ఎక్కించినా, బేరియం తాగించినా కూడా చెప్పండి. ఒకటి రెండు వారాలు ఆగి రమ్మంటాం.

(ప్రశ్న, వెనక వరస నుంచి: అమ్మా, నాకు రేపు పొద్దున్నే డెక్సా ఉంది. రాత్రి భోంచేశాక కాల్షియం మాత్ర వేసుకోవడం అలవాటు.)

ఇవాళ మానెయ్యండి మాస్టారూ. స్కాన్‌కు ముందు 24 గంటలు వద్దు. పేగుల్లో కరక్కుండా మిగిలిన మాత్ర సరిగ్గా వెన్నుపూస మీద నీడ వేసిందంటే, ఆ పూసకు మిగతావాటి కన్నా ఎక్కువ మార్కులు పడతాయి. భోజనం మామూలుగా చెయ్యండి. రేపు జిప్పు లేని లుంగీయో, నాడా పైజామాయో కట్టుకుని రండి. పాత ఎక్స్‌రేలుంటే అవి కూడా సంచిలో వేసుకోండి.